నడుముంటే గునపమెందుకు

గోడౌన్లో బస్తాకు ఇద్దరు మనుషులెందుకండీ? దండగ. ఒక్కడు చాలు. ఒంటినిండా గునపాల్లాంటి మీటలు ఇన్ని పెట్టుకుని ఇంకొకడి సాయం అడగడం సిగ్గుచేటు.

ఈ జ్ఞానం నాకు మా చెల్లెలి మొగుడి వల్ల కలిగింది. ఆయన హమాలీ. బస్తాను చెరో కొస పట్టుకుని, ఒకడు "ఊఁ" అనగానే ఇద్దరూ ఒక్కసారే లేపడం వాళ్ల పద్ధతి. ఆఫీసువాళ్లు ఒక ట్రైనర్‌ను పిలిపించారు. ఎంత మంచివాడో! మోచెయ్యి ఒక మీట, నడుము ఒక మీట అని విడమరిచి చెప్పాడు. మోకాళ్లు వంచి, వీపు నిటారుగా పెట్టి, ఒక అట్టపెట్టెను అవలీలగా లేపి చూపించాడు. పెట్టె ఖాళీది. అయితేనేం? లేపిన తీరు చూడాలి గాని లోపలేముందో చూస్తామా?

మర్నాటి నుంచి రెండో మనుషులందర్నీ మానిపించారు.

నేను గునపంతో రాళ్లు పెకలించినవాణ్ని. బండ కింద గునపం దూర్చి, దగ్గర్లోనే చిన్న రాయి ఆసరా పెట్టి, దూరపు కొసను నొక్కితే బండ కదులుతుంది. ఒంట్లో అలా కాదు. కండ మోచేతి కీలు పక్కనే అతుక్కుని ఉంటుంది. బరువేమో అల్లంత దూరాన అరచేతిలో. గునపాన్ని ఆసరా రాయి పక్కనే పట్టుకుని బండను లేపమన్నట్టు. నడుమూ అంతే. బస్తా ముందు వేలాడుతుంటే, వెన్నునంటుకున్న కండ దానికి ఎన్నో రెట్లు లాగాలి. ఎంత గొప్ప వ్యాయామం! జిమ్ముకు పోయేవాళ్లకు దక్కుతుందా ఇది?

మా బావకు దక్కింది. ఒకరోజు బస్తా దించడానికి వంగినవాడు, దించాక కూడా లేవలేదు.

"మోకాళ్లు వంచావా?" అన్నాడట సూపర్‌వైజర్.

"వంచాను సార్. ఆ సంగతి బస్తాకు తెలిసినట్టు లేదు."

తప్పు నడుముదే, గోడౌన్‌ది కాదని తేల్చారు. పని ఊడుతుందని చెల్లెలు ఊరికే బెంగపడింది. తీసెయ్యలేదు. కొత్త పనిచ్చారు. కొత్త హమాలీల ముందు బావ వంగి నిలబడాలి. ట్రైనర్ ఆయన నడుము మీద కర్ర ఆనించి, "ఇలా ఎత్తకూడదు" అంటాడు. ఫోటో తీసి, ఎర్రగా అడ్డగీత కొట్టి గోడకు కూడా అంటించారు.

మొన్న క్యారియర్ ఇవ్వడానికి వెళ్లి చెల్లెలు ఆ ఫోటో చూసింది.

"ఈయన వంగడం తప్పని గీత కొట్టారు, సరే అన్నయ్యా. రెండో కొస పట్టుకోవాల్సినవాడు అందులో లేడుగా. ఆ తప్పుకు గీత ఎక్కడ కొట్టారు?"

అమాయకురాలు. లేని మనిషి మీద గీత ఎవరైనా కొడతారా?