ఊఁ కొట్టేవాళ్ళు కావలెను

యూనిఫాం చొక్కాకి ఒక చెయ్యి ఇస్త్రీ చేసి, రెండో చెయ్యి పరుస్తుండగా ఆ ఇంటికి ప్రభుత్వం వచ్చింది.

వచ్చిన ప్రభుత్వంలో సంస్కృతి శాఖ అధికారి ఒకరు, కెమెరా మనిషి ఒకరు, సౌండు మనిషి ఒకరు, గోనెసంచి నిండా ఎండుటాకులు ఉన్నాయి. ఇల్లు మూడో అంతస్తులో ఉంది. దగ్గర్లో చెట్లు లేవు కాబట్టి ఆకులు వెంట తెచ్చుకున్నారు. ముందుచూపు అంటే అది.

"మంత్రిగారు పదకొండింటికి వచ్చేస్తారు మేడమ్. ఈలోగా మీ ఇంటిని కాస్త మీ ఇల్లులా చేసుకుందాం," అన్నాడు అధికారి.

ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, స్విచ్ ఆపి, సరేనంది. ఆమె సిటీ బస్సు డ్రైవరు. వీధిలో అందరికీ డ్రైవరక్క. కొండ మీద పుట్టింది. బస్సు ఎక్కకముందు ఆస్పత్రిలో స్ట్రెచర్లు తోసింది, సినిమా హాల్లో టార్చి లైటు పట్టుకుని ఆలస్యంగా వచ్చినవాళ్ళకి కుర్చీలు చూపించింది. డ్యూటీ అయ్యాక తన కొండ భాషలో కథలు రాస్తుంది. అన్నీ నవ్వు కథలే. వాటిని పుస్తకం వేసి కొండ బడి పిల్లలకు పంచుతామని శాఖవారు ఏనాడో మాటిచ్చారు. ఆ పిల్లలకు వాళ్ళ భాషలో ఇంతవరకు ఒక్క పుస్తకమూ లేదు.

ఇదిగో, ఆ రోజు రానే వచ్చింది. పోయిన వారమే మంత్రిగారు ఇది 'మట్టిగొంతుల సంవత్సరం' అని ప్రకటించారు. ఈ దేశంలో ఇక ఏ గొంతూ మూగబోవడానికి వీల్లేదని, ఇది తన ఆదేశమని, పొరపాటున ఏదైనా మూగబోతే అందుకు వేరే నిధి ఉందని పత్రికలవారికి చెప్పారు. అందులో భాగంగా ఒక రచయిత్రి ఇంటికి స్వయంగా వెళ్ళి, పుస్తకం ఆవిష్కరించి, ఒక కథ ఆమె భాషలోనే వినబోతున్నారు. వినడమంటే మాటలా? మంత్రిగారు ఇప్పటిదాకా మాట్లాడటమే తప్ప వినడం ఎవరూ చూడలేదు.

పని చకచకా సాగింది. ఫ్రిజ్‌కి చాప చుట్టారు. టీవీని మంచం కిందికి తోశారు. నేలమీద ఆకులు చల్లారు.

"మిగతా రచయితల ఇళ్ళలో కూడా ఇలాగే చేశారా సార్?" అని అడిగింది డ్రైవరక్క.

"ఎందుకు చెయ్యం? ఒకాయన పళ్ళ డాక్టరు, అడవి జాతి. గూఢచారి నవలలు రాస్తాడు. ఆయన చేతికి విల్లిచ్చాం. ఇంకొకావిడ ఓడరేవులో క్రేను నడుపుతుంది. ఆవిణ్ణి పొయ్యి ముందు కూర్చోబెట్టాం. పాపం, ముట్టించడం రాలేదు. మేమే ముట్టించాం."

"పళ్ళ డాక్టరు చేతికి విల్లెందుకు సార్?"

"పళ్ళ డాక్టరని తెలిస్తే జనం నిరాశపడరూ?"

అప్పుడు కెమెరా మనిషి డ్రైవరక్కను ఎగాదిగా చూశాడు. కత్తిరించిన జుట్టు, ఖాకీ ప్యాంటు, జేబులో డ్రైవరు బ్యాడ్జి.

"సార్, ఈవిడ రచయిత్రిలా లేరు."

"నేనూ అదే చూస్తున్నాను. ఏం చేద్దాం?"

ఇద్దరి చూపూ ఒకేసారి మూలనున్న ముక్కాలిపీట మీద పడింది. అక్కడ డ్రైవరక్క తల్లి ఉతికిన తువ్వాళ్ళు మడతలు పెడుతోంది.

"ముడతలు!" అన్నాడు కెమెరా మనిషి, లాటరీ తగిలినవాడిలా. "సార్, ఆ మొహంలో చరిత్ర ఉంది సార్!"

క్షణంలో తల్లి రచయిత్రి అయిపోయింది. పదోన్నతి ఇంత వేగంగా జరగడం ఆ శాఖలో అదే మొదలు.

"ఏమే, నేను కథలెప్పుడు రాశానే?" అంది తల్లి.

"ఇప్పుడే రాశావంట. నోరు మూసుకుని కూర్చో అమ్మా. పుస్తకం రానీ."

"నోరు మూసుకుంటే కథెవరు చెప్తారే, నీ మొగుడా?"

"లేని మొగుణ్ణి ఇప్పుడు ఎక్కణ్ణుంచి తేను? నువ్వే చెప్పు. మేక కథ నీకు నాకంటే బాగా వచ్చుగా."

ఇంటర్వ్యూ మొదలైంది.

"అమ్మగారూ, మీరు రాయడం ఎలా మొదలుపెట్టారు?"

"నాకు రాయడం రాదు నాయనా."

అధికారి కెమెరా వైపు తిరిగాడు. "ఆమె అక్షరాలను రాయలేదు. అక్షరాలే ఆమెను రాశాయి." మళ్ళీ ఇటు తిరిగాడు. "మీ బాధ ఏమిటమ్మా?"

"మోకాలు."

"నిలదొక్కుకోలేక పోతున్న ఒక జాతి నొప్పి ఇది," అన్నాడు అధికారి. అతని కళ్ళు నిజంగానే చెమర్చాయి. ఆకుల దుమ్ము వల్లనని గిట్టనివాళ్ళు అనవచ్చు.

"సార్, నావి నవ్వు కథలు," అంది డ్రైవరక్క.

"అలా అనకండి మేడమ్. నిధులు బాధ కింద మంజూరయ్యాయి."

తర్వాత కథకు రిహార్సల్. కొండ మీద ఒక కట్టుబాటుంది. కథ చెబుతుంటే వినేవాళ్ళు మాటమాటకీ ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందా, కథ ఆగిపోతుంది. ఊఁ కొట్టనివాడు నిద్రపోయాడన్న లెక్క. నిద్రపోయినవాడికి కథ చెబితే కథకు చిన్నతనం.

"ఒక మేక బస్సెక్కిందంట," అని కొండ భాషలో మొదలుపెట్టింది తల్లి.

"ఊఁ," అంది కూతురు.

"కట్!" అన్నాడు సౌండు మనిషి. "ఎవరో మూలుగుతున్నారు."

"మూలుగు కాదు సార్, ఊఁ కొట్టాలి. లేకపోతే అమ్మ చెప్పదు. మంత్రిగారికీ కాస్త చెప్పండి."

"మంత్రిగారిని ఊఁ కొట్టమని నేను చెప్పనా? నా ఉద్యోగం?" అన్నాడు అధికారి. "మీరు కూడా కొట్టకండి. మట్టిగొంతు రికార్డవుతున్నప్పుడు మధ్యలో మీ గొంతెందుకు మేడమ్?"

మంత్రిగారు వచ్చారు. ఆకుల మీద నడుస్తూ, "ఆహా, ప్రకృతి," అన్నారు. వృద్ధ రచయిత్రి పాదాలకు నమస్కరించారు. రంగు కాగితం విప్పి పుస్తకం పైకెత్తారు. కెమెరా నాలుగు వైపుల నుంచీ చూసింది. ఆ తర్వాత పుస్తకం చేతులు మారి, ఎవరికీ అక్కర్లేదు గనక, డ్రైవరక్క చేతికి వచ్చింది.

ఆమె తువ్వాలుతో చేతులు తుడుచుకుని మరీ తెరిచింది. మంత్రిగారి సందేశం. ఉపమంత్రిగారి ఆశీస్సు. కార్యదర్శి ముందుమాట. సంచాలకుల తొలిపలుకు. ఉపసంచాలకుల మలిపలుకు. సలహా సంఘంలో ఒక్కొక్కరిదీ ఒక్కో అభినందన. ముందుమాటల ప్రాముఖ్యం మీద ఒక ఆచార్యుడి ముందుమాట. ఆ వెనక అట్ట.

"సార్, కథలేవీ?" అంది మెల్లగా.

"పేజీలు చాల్లేదు మేడమ్," అన్నాడు అధికారి ఆమె చెవిలో. "అందరికీ చోటివ్వాలి. వైవిధ్యమంటే అదే కదా. మంత్రిగారికి మేక కథ నచ్చితే రెండో ముద్రణలో తప్పకుండా పెట్టిద్దాం. కథ మొత్తం వినేలా చూడండి చాలు."

డ్రైవరక్క పుస్తకం మూసి తల్లి వైపు చూసింది. తల్లి సర్దుకుని కూర్చుంది.

"ఒక మేక బస్సెక్కిందంట."

ఎవరూ ఊఁ అనలేదు. తల్లి మంత్రిగారి వంక చూసింది. మంత్రిగారు అధికారి వంక చూశారు. అధికారి సౌండు మనిషి వంక చూశాడు. కూతురు నోరు తెరవబోయింది. సౌండు మనిషి వేలు పెదాల మీద పెట్టుకుని ఆమె వైపు గుడ్లురిమాడు.

తల్లి నోరు మూసేసింది.

గది నిశ్శబ్దమైపోయింది. ఇలాంటి నిశ్శబ్దం మంత్రిగారికి కొత్త కాదు. ఎన్ని సంతాప సభలు చూశారు! ఒక్క క్షణం ఆలోచించి, గంభీరంగా లేచి నిలబడి, చేతులు కట్టుకుని, తల దించుకున్నారు. అధికారి లేచాడు. వాకిట్లో నిలబడ్డ గన్‌మ్యాన్ టోపీ తీశాడు. కెమెరా మనిషి ఒక కన్ను కెమెరాకిచ్చి రెండోది మూసుకున్నాడు.

"ఎంత గొప్ప భాష," అన్నారు మంత్రిగారు గొంతు దించి. "ఇలా పోవాల్సింది కాదు."

"ఏమే, ఎవరు పోయారే?" అని కొండ భాషలో గుసగుసగా అడిగింది తల్లి.

కూతురు పుస్తకాన్ని తువ్వాళ్ళ దొంతర మీద పెట్టింది. లోపలికెళ్ళి చొక్కా తొడుక్కుంది. ఒక చెయ్యి ఇస్త్రీది, ఒక చెయ్యి నలిగినది. అన్నం డబ్బా సంచిలో వేసుకుని, తలలు దించుకున్న ప్రభుత్వం మధ్య నుంచి నడుచుకుంటూ గడప దాటి మెట్లు దిగిపోయింది.

ఆమె కాళ్ళ కింద ఆకులు గలగలలాడినందుకు సౌండు మనిషి చాలా విసుక్కున్నాడు.