రెండు పాయింట్ నాలుగు నెలల అత్తగారు

మా అత్తగారిని ఐదుగురికి భాగిస్తే తలా రెండు పాయింట్ నాలుగు నెలలు వస్తుంది.

ఈ భాగహారం చేసింది మా ఆయన. మామగారి సంవత్సరీకం భోజనాలయ్యాక, విస్తళ్ళు ఎత్తేసిన చోటే ముగ్గురు కొడుకులూ ఇద్దరు కూతుళ్ళూ కూర్చున్నారు. ఏడాదిలో అమ్మ ఎవరి దగ్గర ఎన్నాళ్ళుండాలన్నది ప్రశ్న. అమ్మ వంటింట్లో మజ్జిగ గిన్నె కడుగుతోంది. మా ఆయన ఫోనులో పన్నెండు కొట్టి, ఐదుతో భాగించి, "టూ పాయింట్ ఫోర్" అని ప్రకటించారు. అందరూ గంభీరంగా తలలూపారు. పాయింటు తర్వాత నాలుగంటే ఏమిటని ఒక్కరూ అడగలేదు. అడిగితే తమకి లెక్కలు రావని బయటపడుతుందని భయం.

మా ఆయన పేరు వేంకటరమణమూర్తి. మేముండే చోడవరంలోనే గవర్నమెంటు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆఫీసులో మాత్రం సుమారు మూర్తి అంటారు. ఎంతమంది వచ్చారంటే సుమారు పది, టైమెంతంటే సుమారు తొమ్మిది. పెళ్ళిచూపుల్లో నేను బీఎస్సీ మ్యాథ్స్ అంటే, "సుమారు డిగ్రీ అన్నమాట" అన్నారు. ఆ డిగ్రీతో పద్నాలుగేళ్ళుగా కుక్కరు విజిళ్ళు లెక్కపెడుతున్నాను.

మొదటి వంతు మాది. జూన్ ఒకటిన అత్తగారు వరహాలక్ష్మి దిగారు. వెంట ఒక సంచి, ఒక స్టీలు గ్లాసు, కవరు నిండా బీపీ బిళ్ళల షీట్లు. చీరలు బీరువాలో పెట్టబోతే వద్దన్నారు.

"ఉండనీ అమ్మా. మళ్ళీ సద్దుకోవాలి."

రెండు నెలలూ ఆ సంచి జిప్పు తెరుచుకునే ఉంది.

బాత్రూం ఉన్న గది ఒక్కటే కాబట్టి అది ఆవిడకిచ్చి, తోడుగా మా అమ్మాయి మహతిని పడుకోబెట్టాం. ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ కూడా ఆ గదిలోనే ఉంది. ఆవిడ దాన్ని వెయ్యనివ్వరు. "ఎముకల్లోకి దిగిపోతాది నాయనా." అలా ఆ ఏసీ మామగారి ఫొటో పక్కన ఇంకో ఫొటోలా గోడకి వేలాడుతూ ఉండిపోయింది. మా ఆయన హాల్లో ఫాను కింద దోమలతో కాపురం చేశారు.

జూలై నెలాఖరున వానలు పట్టుకున్నాయి. తెరిపి లేదు, గాలీ లేదు. ఉతికిన బట్టలు మూడ్రోజులైనా ఆరవు. అలాంటి ఒక సాయంత్రం మా ఆయన నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు.

"ఏమే, ఐదో తారీకున అమ్మ మాడుగుల వెళ్తంది. అన్నయ్యకి చెప్పేను. ఆటో పరదేశికి కూడా చెప్పేసేను."

"ఐదేమిటండీ?"

"టూ పాయింట్ ఫోర్. అంటే రెండు నెలల నాలుగు రోజులు. నాలుగుతో మన వంతు సరి."

"ఆ లెక్క ఎవరు చెప్పేరు?"

"మిషను చెప్పింది. మిషనుకి అబద్ధమాడవలసిన అవసరమేటి?"

నేను నోరు తెరిచాను. మూశాను. పద్నాలుగేళ్ళ కాపురంలో గ్రహించిందేమిటంటే, ఆయన పొరపాటు నేను చెబితే వాదన అవుతుంది. ఇంకెవరైనా చెబితేనే పొరపాటు అవుతుంది.

నాకు అత్తగారి మీద పొంగిపొర్లే ప్రేమేమీ లేదు. ఆవిడకీ నా మీద లేదు. కానీ చింతపండులో ఒక్క గింజ మిగలకుండా తీస్తారు. పైగా ఆగస్టు పదిన మహతి పుట్టినరోజు. మామ్మ బియ్యప్పిండీ బెల్లంతో చేసే పాకుండలు కావాలని అది జూన్ నుంచే బెంగపెట్టుకుంది. ఐదో తారీకు మాట తెలిశాక మామ్మ, "వచ్చే ఏడు చేస్తానే గుంటా" అంది. మహతి గోడవైపు తిరిగి పడుకుంది. ఏడిస్తే ఊరుకోబెట్టొచ్చు, దీనికేం చెయ్యను?

దానికి దశాంశాల పరీక్ష కూడా దగ్గరపడింది. ఏడో తరగతి. స్కూల్లో పాయింటు జరపడం నేర్పారు, ఎందుకు జరపాలో చెప్పలేదు. దాని నోట్సులో పాయింటు తడిగోడ మీది చీమలా ఎటు పడితే అటు పోతోంది.

నాలుగో తారీకు సాయంత్రం నేను అత్తగారి కవరులోంచి పన్నెండు షీట్లు లెక్కపెట్టి తీసి, హాల్లో ఐదు పళ్ళేలు పరిచాను. పన్నెండే ఎందుకని ఎవరూ అడగలేదు. మా ఆయన పేపరు వెనకాల ఉన్నారు.

"ఐదుగురికి పంచు. తలా ఎన్ని?"

"రెండు," అంది మహతి నీరసంగా. "రెండు మిగిలేయి."

"వాటిని కూడా పంచాలి."

"ఎలాగ? ఐదుగురికి రెండు షీట్లే కదా." కాసేపు చూసి, వెళ్ళి కత్తెర తెచ్చింది. "షీటుకి పది బిళ్ళలు. రెండు షీట్లకి ఇరవై. తలా నాలుగు."

"రాయి. పూర్తి షీట్లు ఒకట్ల స్థానంలో. ఒక్కో షీటునీ పది చేశాక వచ్చినవి పదోవంతుల స్థానంలో. మధ్యలో పాయింటు."

రాసింది. రెండు పాయింట్ నాలుగు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

"అయితే అమ్మా, పాయింటు ఎక్కడికీ గెంతదన్నమాట. షీటు కత్తిరించిన చోట ఉంటాది. అంతే."

బీఎస్సీలో మూడేళ్ళు నాకెవరూ అంత బాగా చెప్పలేదు.

"నా బిళ్ళలు కూడా పంచేస్తన్నారేటే?" అన్నారు అత్తగారు గదిలోంచి.

పేపరు దిగింది. "చూసేవా! రెండు షీట్లు, నాలుగు బిళ్ళలు. రెండు నెలలు, నాలుగు రోజులు. నా లెక్క నా కూతురే ప్రూవ్ చేసింది!"

అది తప్పని మహతి ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని ఎదురుచూశాను. అనలేదు. కత్తెర ఎత్తుకెళ్ళి డ్రాయరులో పెట్టేసింది. నా ఎత్తు కాస్తా ముక్కలైన బిళ్ళల షీట్లుగా పళ్ళేల్లో మిగిలిపోయింది.

మర్నాడు పొద్దున్న కుండపోత. స్కూలుకి సెలవిచ్చేశారు. పరదేశి మాత్రం సెలవు తీసుకోలేదు. ఏడున్నరకే ఆటో గుమ్మంలో పెట్టి హారన్ కొట్టాడు. గదిలోంచి జిప్పు మూసిన చప్పుడు వచ్చింది. చిన్న చప్పుడే. వంటింట్లో నాకు వినిపించింది.

మా ఆయన గొడుగు పట్టి అమ్మని ఎక్కించారు, సంచి ఒళ్ళో పెట్టారు. పరదేశి ఇంజిను స్టార్టు చేసేసరికి, లెక్కల నోట్సు నెత్తిన పెట్టుకుని మహతి ఆటో ముందు నిలబడింది.

"ఒసే, తడిసిపోతన్నావు! లోపలికి పో."

"నాన్నా, షీటుకి పది బిళ్ళలు. నెలకి పది రోజులా?"

"ముప్పై. అయితే ఏటి?"

"మరి నెలని పది ముక్కలు చేస్తే ఒక్కో ముక్క మూడు రోజులు. నాలుగు ముక్కలంటే పన్నెండు. మామ్మ పన్నెండో తారీకు దాకా మనదే."

"సుమారుగా అంతేలే అమ్మా. నాలుగూ పన్నెండూ పెద్ద తేడా ఏటి..."

"సరిచూసేను కూడా. నీ లెక్కలో ఇంటికి అరవై నాలుగు రోజులు. ఐదిళ్ళకి మూడొందల ఇరవై. ఏడాదికి, నెలకి ముప్పై చొప్పున, మూడొందల అరవై. నలభై రోజులు మిగిలిపోయేయి నాన్నా. ఆ నలభై రోజులూ మామ్మ ఎక్కడుంటాది? బస్టాండులోనా?"

పరదేశి ఇంజిను ఆపేశాడు.

"లెక్క తేలేదాకా ఆపేస్తన్నాను బాబూ. ఎక్కినట్టా, దిగినట్టా? అదొక్కటీ సెప్పండి."

మా ఆయన కంగారులో వాళ్ళన్నయ్య రఘునందన్‌గారికి ఫోన్ చేశారు. తడి చేత్తో ఎక్కడ నొక్కారో, స్పీకరు ఆన్ అయింది.

"అన్నయ్యా, పాప పన్నెండు రోజులంటంది..."

"కరెక్టురా!" అవతల గొంతు పరీక్ష పాసైనట్టు గంతేసింది. "పాప చెప్పిందే కరెక్టు! నేను అప్పుడే అనుకున్నాను, నాలుగేటీ అని. పదమూడుకి పంపు. తొందరేం లేదు. పదిహేనైనా పరవాలేదు. ఇరవయ్యైనా..."

మా ఆయన ఫోన్ కట్ చేసేసరికి ఆలస్యమైపోయింది. ఆటోలో పరదా పక్కనుంచి ఆవిడ మొహం కనిపిస్తూనే ఉంది. పరదేశి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

"ఒరే రమణా," అన్నారు అత్తగారు చివరికి. "సంచి అందుకో నాయనా, తడిసిపోతంది. బిళ్ళలున్నాయి అందులో."

మా ఆయన సంచి అందుకున్నారు. తలెత్తలేదు. ఆవిడ నెమ్మదిగా దిగి, మహతి తల కొంగుతో తుడిచి, "ఎనిమిదో తారీకున బియ్యం నానబొయ్యాలి, గుర్తు చెయ్యవే" అన్నారు.

"మరి పదమూడుకి రానా బాబూ?" అన్నాడు పరదేశి. "పదమూడు పాయింట్ ఏటైనా ఉందా?"

పుట్టినరోజుకి పాకుండలు అయ్యాయి. మా ఆయన సుమారు డజను తిన్నారు. పదమూడో తారీకు పొద్దున్న పరదేశి వచ్చాడు. జిప్పు మళ్ళీ మూసుకుంది. ఈసారి ఎవరూ ఆటో ముందు నిలబడలేదు. లెక్క సరిపోయింది కదా.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆయన తలగడతో గదిలోకి వెళ్ళి, రెండున్నర నెలల కక్ష తీరేలా ఏసీ పద్దెనిమిదిలో పెట్టి తలుపేసుకున్నారు. పది నిమిషాలకి తలగడతోనే బయటికొచ్చారు.

"ఏమండీ?"

"చలేస్తంది."

చేతిలో ఏదో ఉంది. కిటికీలో దొరికిందట. నాలుగు బిళ్ళల షీటు ముక్క. కవరులో సద్దుతున్నప్పుడు మా పళ్ళెంలోది జారిపోయినట్టుంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ హాల్లో మహతి పక్కన కూలబడ్డారు. నేను చింతపండులో గింజలు తీసుకుంటున్నాను. నేను తీస్తే సగం ఉండిపోతాయి.

"మామ్మ మళ్ళీ ఎప్పుడొస్తాదే?" అని అడిగారాయన.

మహతి నోట్సులోంచి తలెత్తలేదు. "పన్నెండులోంచి రెండు పాయింట్ నాలుగు తీసెయ్. తొమ్మిది పాయింట్ ఆరు నెలలు."

మా ఆయన వేళ్ళు మడిచి చూసుకున్నారు. మొహం కాస్త తేటపడింది. "అంటే తొమ్మిది నెలల ఆరు రోజులు. అంతే కదా?"

మహతి పెన్ను కింద పెట్టి నావైపు చూసింది. నేను చింతపండువైపు చూశాను.

"కాదు నాన్నా. తొమ్మిది నెలల పద్దెనిమిది రోజులు."

"సుమారుగానా?" అన్నారు మా ఆయన.

"కచ్చితంగా."