తీగ పట్టుకుని నడిచిన సంఘం

ఆ ఉదయం ఇంట్లో అనుకున్న పని చిన్నదే. వీధి సంఘం వాళ్లు వస్తారు, డాబా మీది సోలార్ పలకలతో ఫ్రిజ్జూ ఫ్యానూ నడవడం చూస్తారు, టీ తాగి సరేనంటారు. వాళ్లు సరేనంటే బడి కప్పు మీదా అలాంటి పలకలే వస్తాయి. గాలివాన వచ్చినప్పుడల్లా రోజుల తరబడి చీకట్లో మగ్గే ఆ వీధికి తలదాచుకునే చోటైనా వెలుగుంటుంది. ఇలాంటి ప్రణాళికలు వేసి జనాన్ని ఒప్పించడమే ఇల్లాలి ఉద్యోగం. దీనికోసం ఏడాదిగా ఆవిడ ఎక్కని గడప లేదు.

గడియారాలు బాగుచేసే భర్తకు భార్య మీద కొండంత నమ్మకం. ఆకాశం మీదే లేదు. పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది.

"ఇదిగో, సూర్యుడి జాడే లేదు. వాళ్ల ముందు ఫ్యాను ఆగిపోతే?"

"మబ్బున్నా నడుస్తుందండీ. బ్యాటరీ నిండుగా ఉంది. మీరు చేతులు కట్టుకుని కూర్చోండి, అదే పదివేలు."

చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయన జాతకంలోనే లేదు. ఆవిడ స్నానానికి వెళ్లగానే పెరటి గోడ దగ్గరికి పరుగెత్తి పక్కింటి మాస్టారిని పిలిచారు.

"మాస్టారూ, మీ కరెంటు కాస్త ఇటు ఇవ్వండి. మా ఆవిడకి మాత్రం తెలియకూడదు."

"అదెంత పనోయ్! నా కంఠంలో ప్రాణం ఉండగా నీ ఫ్యాను ఆగదు" అన్నారు మాస్టారు. రిటైరయ్యాక ఆయన్ను సాయమడిగిన వాళ్లే లేరు మరి.

గోడ మీంచి ఒక వైరు దిగి, కిటికీలోంచి దూరి, సోఫా వెనక నక్కి, టేబుల్ ఫ్యానుకి తగులుకుంది.

కాసేపటికి సంఘం వచ్చింది. కార్యదర్శి గుమ్మంలోనే ఆగిపోయారు. "కొమ్మ విరిగి తీగల మీద పడి వీధంతా కరెంటు పోయిందమ్మా! మీ ఇంట్లో ఫ్రిజ్జు నడుస్తోందే!"

ఆవిడ మొహం వెలిగిపోయింది. భర్త మొహంలో నెత్తురు చుక్క లేదు. వీధంతా పోతే మాస్టారింట్లోనూ పోవాలి. అక్కడ పోతే ఈ ఫ్యాను ఆగాలి. అదేమో కార్యదర్శి నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలనూ హుషారుగా ఎగరగొడుతోంది. ఎందుకొచ్చిన గొడవ, ఆపేద్దామని భర్త లేచారు. కాలికి వైరు చుట్టుకుంది, సోఫా జరిగింది, గుట్టు కాస్తా నట్టింట్లో పడింది.

"సోలార్ కరెంటు కిటికీలోంచి కూడా వస్తుందా?" అని కార్యదర్శి వంగి వైరు అందుకున్నారు.

"మాస్టారింటి నుంచండీ... మబ్బుగా ఉందని..." అని నసిగారు భర్త.

ఆవిడ ఆయన వైపు ఒకసారి చూసింది. ఏడాది కష్టం బూడిదపాలైందని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"మాకే టోపీ పెడతారా? పదండి, దీని అంతు చూద్దాం!" అని కార్యదర్శి వైరు పట్టుకుని బయల్దేరారు. వెనకాల సంఘం, టీ కప్పులతో సహా. ఆ వెనక ఆలుమగలు.

మాస్టారు గుమ్మంలోనే దొరికారు. "మా ఇంట్లో కరెంటు పోయి చాలాసేపైంది. మాటిచ్చాక తప్పుతానా? బేకరీ నుంచి లాగాను."

బేకరీ ఆయన పిండి చేతులతో బయటికొచ్చాడు. "నాకు మాత్రం ఎక్కడిదండీ? కేకులు కరిగిపోతున్నాయని టైలరమ్మని బతిమాలుకున్నాను. వీధిలో ఆవిడ మిషనొక్కటే తిరుగుతోంది."

వైరు బేకరీ వెనక సందులోకి తిరిగి, ఆరేసిన దుప్పట్ల కింద నుంచి వెళ్లి, ఓ గదిలో దూరింది. టైలరమ్మ తలెత్తకుండా కుడుతోంది.

"అవునండీ, నేనే ఇచ్చాను. ఇంటివాళ్ల కరెంటే కదా, వదిన ఏమనదులే అని."

"ఎవరమ్మా ఆ ఇంటివాళ్లు?" అని గద్దించారు కార్యదర్శి.

"అదేంటండీ, మీ వెనకే నించున్నారుగా!"

అందరూ తల తిప్పారు. తిరిగి తిరిగి వాళ్లు చేరింది బయల్దేరిన ఇంటి వెనక వాటాకే. గది గోడ మీది వైరు మెట్ల పక్కగా డాబా మీదికి, పలకల దగ్గరికి పోతోంది. పైన మబ్బు ఇంకా వీడలేదు.

కార్యదర్శి చేతిలోని వైరు వదిలేసి పగలబడి నవ్వారు. "అమ్మా, సొంత మొగుడే నమ్మని కరెంటు మబ్బులో కూడా ఇందరికి పనికొచ్చిందంటే, ఇంక మాకేం అనుమానం? బడి మీద పెట్టించేయండి!"

ఆవిడ కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి భర్తకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "చూశావా, నేను వైరు లాగబట్టే కదా..." అని మొదలుపెట్టారు.

సాయంత్రానికల్లా తీగలు అతికి వీధికి కరెంటు వచ్చింది. ఆవిడ నోటి నుంచి ఆయనకు మాట రావడానికి మాత్రం ఇంకో రెండు రోజులు పట్టింది.