వెర్న్ ఇంటికి హాట్‌డిష్

మానవజాతి కష్టాలన్నిటికీ కారణం ఒకే ఒక్క మనిషి: అఫెన్స్ కోచ్! సీజన్ మధ్యలో ఆయన్ను పీకేస్తే చాలు, మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయి, కాపురాలు చక్కబడతాయి, మా ఫుట్‌బాల్ జట్టు స్టర్జన్లు కప్పు కొడతారు. మిన్నెసోటాలోని మా ఊరు ఊరంతా ఒక్క మాట మీద నిలబడిన విషయం ఇదొక్కటే.

చేతులతో ఆడే మా అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతితో ఎటు పరుగెత్తాలో, ఎవరికి విసరాలో జట్టుకు చెప్పే ఆ పెద్దమనిషి పేరు వెర్న్ హాస్కెల్. ఆయన ఎప్పుడూ చెప్పేది ఒకటే: బంతిని పొట్టకు కరుచుకుని గుంపు మధ్యలోకి దూరండి! దూరారు, పడ్డారు, ఓడారు. ఆదివారం స్టేడియంలో మేమంతా లేచి "వెర్న్‌ని పీకండి!" అని గొంతులు చించుకున్నాం. సోమవారం పొద్దున్నే పీకేశారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. మా నాన్న ఒక్క కప్పూ చూడకుండానే పోయాడు. నేనైనా చూస్తానన్న ఆశ మళ్ళీ చిగురించింది.

చిక్కల్లా, వెర్న్ ఉండేది మా వీధిలోనే.

మా వీధిలో ఎవరింట చావు వచ్చినా, ఆపరేషన్ జరిగినా, ఉద్యోగం పోయినా హాట్‌డిష్ పట్టుకెళ్ళి తీరాలి. చికెన్, నూడుల్స్ కలిపి, మీద ఇంత చీజ్ చల్లి ఓవెన్‌లో పెట్టిన గిన్నె అది. పట్టుకెళ్ళనివాణ్ణి మనిషిగా లెక్కచెయ్యరు.

"నిన్న పీకండని అరిచింది నువ్వేగా లోయెల్?" అంది మా ఆవిడ డార్లీన్, చీజ్ తురుముతూ.

"అది అభిమానిగా! ఇది పొరుగువాడిగా!" అన్నాను గంభీరంగా.

వెళ్ళేసరికి వెర్న్ గుమ్మం ముందు వీధి వీధంతా గిన్నెలతో బారులు తీరి ఉంది.

"రా లోయెల్. గొంతేమైంది, అలా బొంగురుపోయింది?" అన్నాడు వెర్న్.

"జలుబు."

"నాక్కూడా జలుబే," అని నా వెనకనుంచి కీచుమన్నాడు పక్కింటి డ్వేన్.

"అయ్యో పాపం, ఊరంతా జలుబేనా!" అంటూ వెర్న్ భార్య మార్లిస్ అందరికీ వేడినీళ్ళలో తేనె కలిపి ఇచ్చింది. సిగ్గుపడకుండా తాగాం.

"చాలా అన్యాయం చేశారయ్యా నీకు," అని ఓదార్చాను. "అన్నట్టు, ఆ కొత్తాయన ట్రెంట్ బంతిని దూరం విసిరిస్తాడంటావా?"

వెర్న్ నవ్వాడు. "సీజన్ మధ్యలో కొత్తవి నేర్పడానికి టైమెక్కడిది? ఆడించేవన్నీ నావే. పేర్లు మారుస్తాడంతే."

ఉద్యోగం పోయినవాడి కడుపుమంట అనుకుని జాలిపడ్డాను.

ఆదివారం వచ్చింది. ట్రెంట్ మొట్టమొదటి ఎత్తు: బంతి పొట్టకు కరుచుకుని గుంపు మధ్యలోకి! మూడంటే మూడే గజాలు వచ్చాయి. స్టేడియం దద్దరిల్లిపోయింది.

"ఏం గుండె ధైర్యంరా!" అన్నాడు డ్వేన్.

"ఇది వెర్న్ ఆటే కదా?" అంది డార్లీన్.

"ఊరుకో! వెర్న్ చేతిలో దీనికి ప్రాణం లేదు!" అన్నాను.

ఆ రోజు అవతలివాళ్ళు బంతిని పదేపదే జారవిడిచారు, మేం గెలిచాం. ముక్కూ మొహం తెలియనివాళ్ళను కావలించుకుని ఏడ్చాను. ఇక కప్పు మాదే!

బుధవారం వెర్న్ మా గిన్నె శుభ్రంగా కడిగి తిరిగి తెచ్చిచ్చాడు. ఈ ఆదివారం మాతో ఆడబోయే హారియర్లు తనను సలహాదారుగా పెట్టుకున్నారని చెప్పాడు.

"నీ విలువ వాళ్ళకైనా తెలిసింది!" అన్నాను. "మరి మా మీద ఏం ఆడిస్తావు?"

"మధ్యలోకే."

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను.

"మీ డిఫెన్స్ దాన్ని ప్రాక్టీసులో ఒక్కసారి కూడా ఆపలేదు లోయెల్. నేను రోజూ చూసేవాణ్ణిగా," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆదివారం హారియర్లు మధ్యలోంచి వచ్చారు. మళ్ళీ మధ్యలోంచే వచ్చారు. చీకటిపడేదాకా వస్తూనే ఉన్నారు.

ఆట అయ్యాక డ్వేన్ గరాజ్‌లో అందరం తలలు పట్టుకుని కూర్చున్నాం. నాకైతే బతుకు మీదే విరక్తి పుట్టింది. అంతలో ఎవరో అసలు దోషిని పట్టేశారు: డిఫెన్స్ కోచ్! అవును, ఆయన్ను పీకేస్తే ఈ ఏడు కప్పు మాదే! పైగా ఆయన ఉండేది నదికి అవతలి ఒడ్డున. ఇంకేం, హాట్‌డిష్ వండాల్సిన పని కూడా లేదు.