సింకు కింద డిటెక్టివ్

"ఈ టామరాక్ ఫాల్స్ చరిత్రలో ఇంత ఘోరమైన కుట్ర ఎన్నడూ జరగలేదు. జరిగినా, దాన్ని ఛేదించగల మెదడు ఊరు మొత్తానికి ఒక్కటే. అది ఈ టోపీ కింద ఉంది," అన్నాడు క్లిఫర్డ్ టోస్ట్రుడ్, చెవులు కప్పే టోపీని వేలితో తట్టి చూపిస్తూ.

కేఫ్‌లో ఉన్నవాళ్లు కాఫీ తాగుతూనే ఉన్నారు. బయట సున్నాకి ముప్ఫై డిగ్రీలు కింద ఉంది. ఆ చలిలో ఎవరి మెదడు ఎక్కడుందో విచారించే ఓపిక ఎవరికీ లేదు. ఎదురు కుర్చీలో ఉన్న హార్లన్ సేటర్‌కి మాత్రం వినక తప్పదు. ముప్ఫై ఏళ్లుగా ఆ కుర్చీ అతనిదే, ఆ ఖర్మా అతనిదే.

క్లిఫర్డ్ ఉద్యోగమంతా రోడ్ల మీద మంచు తోసే బండి నడపడంతో గడిచింది. రిటైరయ్యాక తనలో ఒక అపరాధ పరిశోధకుడు దాగి ఉన్నాడని కనిపెట్టాడు. ఆయన కనిపెట్టింది ఇప్పటిదాకా అదొక్కటే. చర్చిలో కాఫీ కాచే పాత్ర పోయిందని పదకొండు మందిని నిలదీశాడు. చివరికది తన కారు డిక్కీలోనే దొరికితే, నేరస్థుడు తనను ఇరికించాలని చూశాడని తేల్చేశాడు.

ఈసారి కేసు మార్డెల్ బ్రాటెన్ గారింట్లో. భర్త పోయాక ఒంటరిగా ఉంటున్న ఆవిడ, అక్కకి మోకాలి ఆపరేషన్ అయిందని ఫార్గో వెళ్తూ, మొక్కలకి నీళ్లు పొయ్యమని క్లిఫర్డ్‌కి తాళంచెవి ఇచ్చింది. మొదటిరోజు వెళ్లి చూస్తే వంటింటి కుళాయి దారంలా కారుతోంది. సింకు కింద అల్మరా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కుళాయి కట్టేసి, తలుపులు మూసేసి వచ్చాడు. మర్నాడు చూస్తే మళ్లీ అదే వరస. ఇలా నాలుగు రోజులు.

"నేల మీద ఒక్క బూటు గుర్తు లేదురా హార్లన్. వాడు గాల్లో నడుస్తాడు."

"బూట్లు గుమ్మంలో విప్పి ఉంటాడు."

"బూట్లు విప్పి లోపలికొచ్చే దొంగ ఎక్కడైనా ఉంటాడట్రా?"

"ఈ ఊరి దొంగైతే విప్పుతాడు," అన్నాడు హార్లన్.

అంత నమ్మకంగా చెప్పగలిగాడంటే కారణముంది. ఆ దొంగ హార్లనే.

నలభై ఏళ్లు ఊరందరి పైపులూ చూసిన మనిషి. మార్డెల్ గారి వంటింటి పైపు వేసింది కూడా తనే. కిటికీలోంచి పక్షులు కనబడాలని ఆవిడ భర్త పట్టుబట్టి సింకుని ఉత్తరపు గోడకి పెట్టించాడు. గాలంతా ఆ గోడకే కొడుతుంది. ఇలాంటి చలిలో కుళాయి సన్నగా వదిలి, ఇంట్లో వేడి తగిలేలా అల్మరా తలుపులు తెరిచి ఉంచకపోతే గోడలోని పైపు గడ్డకట్టి పగులుతుంది. ఆ తరవాత వంటిల్లు చెరువే.

ఊరెళ్లే ముందు ఆదివారం, చర్చి కింది హాల్లో మార్డెల్ గారు అతని పక్కన నిలబడి, "ఆ పైపు మీద ఎవరైనా ఓ కన్నేసి ఉంచితే బాగుండును. అయినా మీకెందుకులెండి శ్రమ," అంది. ఆ ఊళ్లో అలా అన్నారంటే కాళ్లావేళ్లా పడ్డట్టే లెక్క. కానీ ఒక్కసారి అడగ్గానే సరేననడం అక్కడ మర్యాద కాదు. కాఫీ పొయ్యనా అన్నా రెండుసార్లు వద్దని, మూడోసారి అరకప్పు అనాలి. అందుకే హార్లన్ "చలి బాగానే ముదిరింది" అని, రెండోసారి అడుగుతుందని ఎదురుచూశాడు. ఆవిడ అడగలేదు. మర్నాడు తాళంచెవి క్లిఫర్డ్ చేతిలో కనబడింది.

మూడేళ్ల కిందట గీజరు బాగుచేసినప్పుడు ఆవిడ ఇచ్చిన తాళంచెవి హార్లన్ దగ్గర ఉండిపోయింది. దాంతోనే రోజూ వెనక తలుపు తీసుకుని వెళ్తున్నాడు. ఒప్పేసుకుంటే ఒక్క మాటతో తేలిపోయే వ్యవహారమే. కానీ ఎవరూ అడక్కుండా, భార్య పోయినవాడివి, రోజూ ఆ ఇంటికెందుకు వెళ్తున్నావంటే ఏం చెప్పాలి? జవాబు ఉంది. అది నోటిదాకా రాదు. అందుకే చుట్టుతిరుగుడుగా, చలికాలం కుళాయిలు అలా వదులుతారని క్లిఫర్డ్‌కి నచ్చజెప్పబోయాడు. ముప్ఫై ఏళ్లుగా హార్డ్‌వేర్ కొట్టు పైన అద్దెగదిలో ఉంటూ, పైపుల బాధంతా ఇంటాయనకి వదిలేసిన క్లిఫర్డ్ జాలిగా నవ్వాడు.

"అది నేరస్థుడు పుట్టించిన పుకారు. నీళ్ల చప్పుడు మాటున అడుగుల చప్పుడు దాస్తున్నాడు. వెనక తలుపుకి లోపల గడియ పెట్టేశాను. రేపు పొద్దుటే స్వయంగా కాపు కాస్తాను."

హార్లన్ కప్పు కింద పెట్టేశాడు. మర్నాటికి చలి సున్నాకి కింద ముప్ఫై ఎనిమిది దాటుతుందని రేడియో పొద్దుట్నించీ మొత్తుకుంటోంది.

మర్నాడు తెల్లారాక హార్లన్ పనిముట్ల పెట్టెతో పరుగెత్తాడు. ముందు తలుపు తీసే ఉంది. బూట్లు విప్పి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పాడు. చుక్క రాలేదు. ఇంతలో సింకు కిందినుంచి మూలుగు వినబడింది.

తలుపులు తెరిస్తే లోపల క్లిఫర్డ్ ఉన్నాడు. మోకాళ్లు గడ్డానికి ఆని ఉన్నాయి, కోటు వెనక ముసుగు సింకు గొట్టానికి చిక్కుకుని ఉంది. ఏడింటికి దూరాడట. తలుపులు కూడా లోపలినుంచి తనే లాక్కున్నాడట.

"మెల్లిగా మాట్లాడు. వాడు ఏ క్షణాన్నైనా వస్తాడు," అన్నాడు.

హార్లన్ నేలమాళిగలోకి దిగి, ఒకవేళ పైపు పగిలి ఉంటే ఇల్లు మునగకుండా, మంచు కరిగితే తెలిసేలా కాస్త మాత్రం వదిలి, మెయిన్ వాల్వ్ ముప్పాతిక వంతు కట్టేశాడు. గోడ తడిమి చూశాడు. ఇంకా పగల్లేదు. స్నానాలగదిలోంచి జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ తెచ్చి, కుళాయి వైపునుంచి మొదలుపెట్టి గోడ వైపు మెల్లగా వేడి చూపించసాగాడు. మధ్యలో క్లిఫర్డ్ చెవి అడ్డం వస్తోంది. వెల్డింగ్ మంట పెడితే చిటికెలో కరుగుతుందని ఆ చెవిగల మనిషి సలహా ఇచ్చాడు. పైపు సంగతి తరవాత, ముందు నీతోసహా గోడ తగలబడుతుందని హార్లన్ విసుక్కున్నాడు.

"ఆగు," అన్నాడు క్లిఫర్డ్. "ఈ ఇంట్లో వాల్వ్ ఎక్కడుందో, డ్రయ్యర్ ఎక్కడుందో నీకెలా తెలుసు?" హార్లన్ డ్రయ్యర్ చప్పుడు పెంచాడు. క్లిఫర్డ్ తల పంకించి, "నా దగ్గర బాగా రాటుదేలావురా. గర్వంగా ఉంది," అన్నాడు.

అక్కడితో హార్లన్ సహనం తెగిపోయింది.

"ఆ దొంగని నేనేరా. రోజూ కుళాయి విప్పింది నేను. తలుపులు తెరిచింది నేను."

"నా దృష్టి మళ్లించకు. నేరస్థుడు పొట్టివాడు, ఎడమచేతివాటం, పక్క రాష్ట్రంవాడు. ఎప్పుడో తేల్చేశాను."

"నోరు మూసుకుని విను. ఈ పైపు పగిలితే ఆవిడ వంటిల్లు పాడవుతుంది. ఆ కిటికీ దగ్గర నిలబడి గిన్నెలు కడుక్కోవడం ఆవిడకి ఇష్టం. పైపు చూడ్డానికి రెండు నిమిషాలు చాలు. నేను రోజూ ఈ వంటింటి కుర్చీలో అరగంట కూర్చుంటున్నాను. ఆవిడ ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. నాకు ఆవిడంటే ఇష్టం. ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అల్మరాలో ఇరుక్కున్న నీకు చెబుతున్నాను, చాలా?"

అప్పుడు క్లిఫర్డ్ కూర్చున్న చోటునుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"హార్లన్ గారూ."

క్లిఫర్డ్ తెల్లబోయి తన కిందికి చూసుకున్నాడు. పొద్దున్న మార్డెల్ గారికి ఫోన్ చేసి, నేరస్థుడు ఇవాళ దొరికిపోతాడని వాగ్దానం చేసి, ఫోన్ వెనక జేబులో పెట్టుకున్నాడు. కోటు విడిపించుకోవాలని మెలికలు తిరుగుతుంటే ఆ ఫోను నొక్కుకుపోయి తనంతట తనే మళ్లీ ఆవిడకి కలిసింది.

హార్లన్‌కి పారిపోదామంటే కాళ్లకి బూట్లు లేవు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"నేను ముందడిగింది మిమ్మల్నే కదండీ," అంది ఆవిడ. "మీరు చలి గురించి మాట్లాడారు. ఇష్టం లేదేమో అనుకున్నాను."

"మళ్లీ అడుగుతారని ఆగానండి."

"మళ్లీ అడగడానికి నాకు సిగ్గేసింది."

గోడలో ఏదో గరగరలాడింది. కుళాయి ఒకసారి దగ్గి, రెండుసార్లు తుమ్మి, భళ్లున నీళ్లు కక్కింది. సింకు అంచు దాటి చిందినవి సగం క్లిఫర్డ్ నెత్తినే పడ్డాయి. ఆ చప్పుడు ఫార్గోదాకా వినబడినట్టుంది. ఆవిడ నవ్వింది.

"పైపు బతికిందా?"

"బతికిందండి. మీ కిటికీ, మీ గోడ, అన్నీ బాగున్నాయి."

"అయితే వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్లండి. అక్కకి నయమైంది. ఇవాళే వస్తారా?"

హార్లన్ నోట్లో ఊరి మర్యాద మొత్తం కదిలింది. వాతావరణం గురించి ఒక మంచి మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"వస్తున్నాను," అన్నాడు.

కుళాయిని దారంలా వదిలాడు. తలుపులు తెరిచే ఉంచాడు. బూట్లు తొడుక్కుని, ఒకటి తప్పు కాలికి తొడుక్కుని, మళ్లీ విప్పి, సరిగ్గా తొడుక్కుని బయటికి పరుగెత్తాడు. వెనకాల క్లిఫర్డ్ గొంతు గంభీరంగా వినిపిస్తూనే ఉంది. ఫోన్ ట్రాప్ తాను పన్నిందేనట, నేరస్థుడి నోటితోనే నేరం కక్కించాడట, కేసు ముగిసిందట.

ఫార్గో దారిలో కారు ఇరవై మైళ్లు వెళ్లాక, ఈల వేస్తున్న హార్లన్ చటుక్కున ఆపి బ్రేకు తొక్కాడు. క్లిఫర్డ్‌ని సింకు కిందినుంచి బయటికి తియ్యనేలేదు.