తనిఖీకి వచ్చినవారికి సుస్వాగతం

సంగారెడ్డి పక్కన కంది శివారులో ఇల్లు కొనేవారు ఎట్టకేలకు ఆ ఇంటిని నిపుణుడి చేత తనిఖీ చేయించుకునేంత నాగరికులయ్యారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మొన్నటిదాకా మన దగ్గర ఇంటి తనిఖీ అంటే ఈశాన్యం మూల చూసి, ఆగ్నేయంలో పొయ్యి చూసి, గడపకు దండం పెట్టి "బాగుంది" అనడమే. గోడలో సిమెంటు ఎంత, ఇసుక ఎంత అని అడిగినవాణ్ణి అనుమానప్పక్షి అనేవాళ్లం. ఆ చీకటి రోజులు పోయాయి. పోగొట్టిన ఘనత జైపాల్‌ది.

జైపాల్ గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆయన ఉద్యోగం మందులు చేయడం కాదు. మందులు ఎలా చేస్తున్నారో చూడ్డానికి వచ్చేవాళ్లను చూసుకోవడం. తనిఖీ సంగతి ఎలాగో వారం ముందే తెలుస్తుంది. ఆ వారం ఫ్యాక్టరీకి పెళ్లికళ వస్తుంది. తుప్పు మీద రంగు పడుతుంది, కారే పైపు ముందు పూలకుండీ నిలబడుతుంది, నోరున్న కార్మికులకు అడగకుండానే సెలవు దొరుకుతుంది. ఇన్నేళ్లలో ఒక్క తనిఖీలోనూ ఫ్యాక్టరీ ఫెయిల్ కాలేదు. యాజమాన్యం ఆయనకు మూడుసార్లు శాలువా కప్పింది.

ఇంత గొప్పవాడికి సొంత ఇల్లు లేదు. పటాన్‌చెరులో వాళ్లు కిరాయికున్న ఇంటి గోడలకు ఏడాది పొడుగునా చెమ్మే. ఏడేళ్ల కూతురు మహితకు దమ్ము, అంటే ఉబ్బసం. పొడిగా ఉండే ఇంటికి మారితే తప్ప పిల్ల నిమ్మళంగా ఊపిరి తీయలేదని డాక్టర్ తేల్చి చెప్పాడు. బిల్డర్ సూర్యారావు కంది దగ్గర కట్టిన కొత్త ఇంటిని చూసి జైపాల్ మనసు పారేసుకున్నాడు. భార్య అరుణ మాత్రం మొండికేసింది.

"చెక్ చేయించకుంట నేను సంతకం పెట్ట. కాయితాల నా పేరు గూడ ఉన్నది."

ఇక నిపుణుడి ఎంపిక. మొదటాయనను సూర్యారావే దయతో సూచించాడు. ఈయన రిపోర్టు ఇల్లు చూడకముందే తయారుగా ఉంటుంది కాబట్టి టైం బోలెడు కలిసొస్తుంది. జైపాల్‌కు ఈ పద్ధతి తెగ నచ్చింది. రెండో ఆయన ఫోన్లో ఫొటోలు పంపితే చాలన్నాడు. మంచి వెలుతురులో తీయమని సలహా కూడా ఉచితంగా ఇచ్చాడు. మూడో మనిషి సంగారెడ్డి గులాం రసూల్. నలభై ఏళ్లు మేస్త్రీగా ఇళ్లు కట్టి, ఇప్పుడు ఇతరులు కట్టినవాటిలో తప్పులు పట్టే పని పెట్టుకున్నాడు. చూసిన పది ఇళ్లలో ఏడింటిని వద్దన్నాడట.

"ఏడు ఫెయిల్ చేసినోన్ని ఎవలన్న పిలుస్తరా? తనిఖీకొచ్చేటోడంటె పాస్ చేసేటోడు గావాలె," అన్నాడు జైపాల్.

"వద్దనేటోడే గావాలె నాకు," అంది అరుణ. గులాం రసూల్‌కు తనే ఫోన్ చేసి పిల్ల సంగతంతా చెప్పింది.

ఆదివారం పదింటికి తనిఖీ. జైపాల్ ఏడింటికే అక్కడ హాజరు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పద్దెనిమిదేళ్ల అలవాటున్న చేతులు వాటంతట అవే పనిలోకి దిగాయి. గేటు కడిగించాడు. ఆరు పూలకుండీలు కిరాయికి తెచ్చి, మెట్ల కింద పగులుకు అడ్డంగా పేర్చాడు. చిన్న బెడ్‌రూంలో గోడ అడుగున తడి మరక కనబడింది. గబగబా ఒక ప్లైవుడ్ చెక్క ఆనించి, దానికి "సుస్వాగతం" అన్న బ్యానర్ కట్టి, గదంతా సెంటు కొట్టాడు. అమ్ముకునే సూర్యారావుకు ఈ శ్రద్ధ చూసి కళ్లు చెమర్చాయి.

"ఇలాంటి కస్టమర్‌ని నా సర్వీసులో చూళ్లేదండీ," అన్నాడు.

అరుణతో పాటు గులాం రసూల్ వచ్చాడు. చేతిలో చిన్న సుత్తి, జేబులో టార్చి. జైపాల్ ఆయనకు బొకే ఇచ్చి, చాయ్ పోయించి, "నాణ్యతే మన ఊపిరి" అంటూ ఇరవై నిమిషాలు ప్రసంగించాడు. గులాం రసూల్ మర్యాదగా అంతా విని, కప్పు కింద పెట్టి, ప్లైవుడ్ చెక్క పక్కకు జరిపాడు. సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు. ప్లాస్టరు పెళ్లలుగా ఊడిపడింది.

"సాబ్, బునాది నీళ్లు తాగుతున్నది. ఈ కమ్రాల పిల్లను పండబెడితె దమ్ము ఇంక పెరుగుతది. ఒక్క మాట అడుగుత, పరేషాన్ గాకుండ్రి. మీరు కొనేటోళ్లా, అమ్మేటోళ్లా?"

రిపోర్టు సాయంత్రానికి వచ్చింది. ఫ్యాక్టరీలో ఏ అభ్యంతరానికైనా రాతపూర్వకంగా సమాధానం ఇవ్వడం ఆనవాయితీ. జైపాల్ అన్నం కూడా తినకుండా కూర్చుని రాశాడు. "పునాదిలో తడి: గమనించాము. గోడకు రెండుసార్లు రంగు వేయబడును. పరిష్కరించబడినది. మెట్ల కింద పగులు: కుండీలు శాశ్వతంగా ఉంచబడును. పరిష్కరించబడినది. పాపకు దమ్ము: ఊపిరి తీయుటపై శిక్షణ ఇవ్వబడును. పరిష్కరించబడినది."

మహితకు అప్పటికే పిల్లికూతలు మొదలయ్యాయి. పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, చెంచాలో మందు పోసుకున్న అరుణ ముందు ఆయన ఆ కాగితం గర్వంగా పెట్టాడు. ఆమె చదివింది.

"గోడ తడి అట్లనే ఉన్నది గదా?"

"కాయితం మీద లేదు గదా."

"నేను సంతకం పెట్ట," అంది అరుణ. కాగితం పక్కకు నెట్టి, "మీ కంపెనీల గూడ గిట్లనేనా?" అని అడిగింది.

"గిట్లనే! పద్దెనిమిదేండ్ల సంది ఒక్క రిమార్కు లేదు," అన్నాడు జైపాల్ ఛాతీ విరుచుకుని.

అరుణ చెంచా వైపు చూసింది. సీసా తిప్పి, మందు ఎవరు చేశారో చదివింది. ఈ కంపెనీ వేరే. అయితే అక్కడా ఒక జైపాల్ ఉండే ఉంటాడు. పిల్ల ఛాతీ ఈల వేస్తూనే ఉంది. మందు పట్టాలో పారబోయాలో ఆ తల్లికి తోచలేదు.

పాఠకులు ఆందోళన చెందవద్దని మనవి. ఈ పూట మీరు వేసుకున్న మాత్ర, అన్ని తనిఖీలూ పాసైన తర్వాతే మీ నోటిదాకా వచ్చింది.