కారు ఖర్చు వేరు, ఇంటి ఖర్చు వేరు

మా వీధి ఆడిటర్‌గారు డీజిల్‌కు శాశ్వతంగా స్వస్తి చెప్పారని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ఆయన కారు ఇప్పుడు హోటల్‌వాళ్లు వేపుళ్లు వేయించి పారబోసే నూనెతో నడుస్తోంది. నూనె ఉచితం. కాబట్టి ప్రయాణం ఉచితం. ఇంత చిన్న లెక్క లోకానికి ఇన్నాళ్లూ తట్టకపోవడం విచారకరం.

నూనె ఇవ్వడానికి హోటల్ వంటమాస్టరు ఒక్క షరతే పెట్టాడు: ఇంటిల్లిపాదీ రోజూ అక్కడే తినాలి. తిన్నారు. నూనెలో మాడు వడకట్టడానికి పాత దుప్పట్లు పోయాయి. అవి చాలక కొత్తవీ పోయాయి. చలికి నూనె చిక్కబడుతోందని తెల్లారకముందే గ్యాసు పొయ్యి మీద కాచడం మొదలైంది.

భార్య ఉండబట్టలేక అడిగింది. "హోటల్ బిల్లు, గ్యాసు, దుప్పట్లు... ఇవన్నీ ఎందులో రాస్తున్నారండీ?"

"అవి ఇంటి ఖర్చులోయ్. కారు ఖర్చు సున్నా."

"కారు మాత్రం ఎవరింటిదీ?"

"చూశావా, మాట మారుస్తున్నావు."

ఎన్నెన్ని కంపెనీల నష్టాలనో లాభాలుగా చూపించిన చెయ్యి అది. ఇంటావిడకు దొరుకుతుందా?

ఆవిడ బ్యాంకులో కొత్తగా చేరింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కారు పుణ్యమా అని ఇప్పటికే పలుమార్లు ఆలస్యమైంది. ఇంకొక్కసారి ఆలస్యమైతే రానక్కర్లేదని మేనేజరు చెప్పేశాడు. అందుకని ఆ పొద్దున బస్సుకు బయల్దేరింది.

"ఉత్తినే దింపే మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని టికెట్టు కొంటావా? నలుగురూ నవ్విపోతారు. ఎక్కు."

ఎక్కింది. కారు కూడలి దాకా దర్జాగా వెళ్లి, అక్కడ రెండు దగ్గులు దగ్గి పడుకుంది. పొగ గొట్టంలోంచి వచ్చే కమ్మటి వాసనకు జనం మూగారు. ఒకాయన ప్లేటు ఎంతని అడిగాడు. ఆవిడ దిగి పరుగెత్తింది. బ్యాంకు చేరేసరికి ఆమె కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉన్నారు.

ఆ సాయంత్రం ఆడిటర్‌గారు భార్యను శాస్త్రీయంగా ఓదార్చారు. "ఉద్యోగం పోవడమంటే ఆదాయం తగ్గడమే గాని ఖర్చు పెరగడం కాదు. పైగా రేపట్నుంచి నిన్ను దింపే పని లేదు. నూనె కూడా మిగులు."

ఇంతటి దార్శనికుణ్ణి సన్మానించకుండా ఊరుకుంటే మా వీధి సంఘం ఉండీ ఏం లాభం? సభ పెట్టారు. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "కారు మెకానిక్ షెడ్డుకు చేరిన నాటి నుండి నేటి వరకు మన ఆడిటర్‌గారు ఒక్క చుక్క ఇంధనమైనా వాడలేదని సగర్వంగా ప్రకటిస్తున్నాను." చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

సభ అయ్యాక, ఈమధ్యే డీజిల్ కారు కొన్న పక్కింటి బాబాయిగారు ఆవిడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "అమ్మాయ్, నిజం చెప్పు. ఏ హోటల్ నూనె అయితే బాగా కలిసొస్తుంది?"

"ఏదైనా ఒకటే బాబాయిగారూ. కాకపోతే ఇంట్లో పోగొట్టుకోవడానికి ఒక ఉద్యోగం ఉండాలి."

బాబాయిగారు ఇంట్లోవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. అంతలో ఆయన మొహం విప్పారింది.

"మా కోడలికి ఉందిగా," అన్నారు.